ఖాలా దర్వాజాకు బిగించిన దీపం

మెకానికల్, మెకట్రానిక్స్ కలిపి చెప్పే మా సెక్షన్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. చేరినప్పుడు ఇంకో అమ్మాయి ఉండేది. ఫిట్టింగ్ షాపులో ఆకురాయి పట్టి అరచేతులు బొబ్బలెక్కాక, మొదటి నెలలోనే వాళ్ల నాన్న వచ్చి కంప్యూటర్ బ్రాంచికి మార్పించారు. వెళ్తూ వెళ్తూ తన ఖాకీ కోటు నాకిచ్చింది. అది నాకు పొడవు. చేతులు మడుచుకుని నాలుగేళ్లూ అదే వేసుకున్నాను.

విమానాశ్రయం వచ్చిన మరుసటి ఏడాది చేరాను. శంషాబాద్ పక్కన కొత్తగా పెట్టిన యూనివర్సిటీ. పాఠం సగం, పని సగం అనేది అక్కడి పద్ధతి. పొద్దున తరగతిలో చెప్పింది మధ్యాహ్నం వర్క్‌షాపులో చేసి చూపించాలి. గేరు గురించి పరీక్ష రాస్తే సరిపోదు, గేరు కోసి తేవాలి. నాకు కావలసింది అదే. మా నాన్న భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగు చేసేవారు. చిన్నప్పటి నుంచి విప్పిన మోటార్ల మధ్య పెరిగినదాన్ని, ఇనుము వాసన నాకు ఇంటి వాసనే.

కాని పనంతా నలుగురి జట్లుగా చేయాలి. హాస్టల్ గదిలో ఎవరితో ఉంటే వాళ్లతోనే జట్టు. ఆడపిల్లల హాస్టల్ ఇంకా కడుతూనే ఉన్నారు. నేను ఊళ్లో గది తీసుకున్నాను. అందుకని ప్రతిసారీ ఏదో ఒక జట్టులో అయిదో మనిషిగా నన్ను కలిపేవారు. లేత్ దగ్గర అయిదో మనిషికి పనేముంటుంది? డ్రాయింగ్ కాగితం పట్టుకుని నిలబడడం. వాళ్లు చెడ్డవాళ్లేం కారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాతో కూడా ఎవరూ ఏమీ అనలేదు.

ఒకరోజు వర్క్‌షాపు సారుని "ఇది ఏమిటండీ?" అని అడిగితే, వెనక నుంచి ఎవరో నా గొంతుతోనే "ఏమిటండీ" అన్నారు. అందరూ నవ్వారు. సరదాకే అన్నారని ఇప్పుడు తెలుసు. కాని ఆ ఏళ్లలో తెలంగాణ కోసం వారానికోసారి బందు, రోడ్ల మీద ఊరేగింపులు. నా మాట ఎక్కడిదో నోరు తెరవగానే తెలిసిపోయేది. నోరు తెరవడం తగ్గించాను. తగ్గించి తగ్గించి, కొన్ని రోజులు పొద్దున బస్సు టికెట్టు అడిగిన మాట తప్ప సాయంత్రం దాకా ఇంకో మాట ఉండేది కాదు.

నా గది మేడ మీద. కింద ఇంటివాళ్లు. ఊరి చుట్టూ పొలాలున్న రైతు కుటుంబం. ఇంటావిడను అక్కా అని పిలిచేదాన్ని. మెట్ల మీద అడుగుల చప్పుడైతే తలెత్తేదాన్ని. ఎప్పుడూ అక్కే, మిరపకాయలు ఎండబెట్టడానికో తీయడానికో వచ్చేది.

"ఏంది బిడ్డా, గిట్ల ఒక్కదానివే కూసుంటవ్? జర కిందికి రారాదు," అనేది.

"చదువుకోవాలక్కా," అనేదాన్ని. కిందికి వెళ్తే మాట్లాడాలి. అప్పటికి మాట్లాడడం పెద్ద పనై కూర్చుంది నాకు.

మూడో ఏడాదిలో ప్రతి జట్టూ సొంతంగా ఒక యంత్రం చేయాలి. నియమం ఒక్కటే. అది కాలేజీ బయట ఒక మనిషికి అవసరమైనదై ఉండాలి, ఆ మనిషి దాన్ని నిజంగా వాడాలి. మా ప్రొఫెసర్ ఏ ఆలోచన తీసుకెళ్లినా అడిగేది ఒకటే ప్రశ్న: "ఇది ఎవరికి కావాలి?" రైతులకి, అంటే కుదరదు. ఏ రైతు? ఎక్కడుంటాడు? నిన్న నువ్వు అతనితో మాట్లాడావా?

జట్లన్నీ కుదిరిపోయాయి. ఈసారి ఏ జట్టుకీ అయిదో మనిషి అక్కర్లేదు. ఒక్కదానివే చేసుకోగలవా అని అడిగారు ప్రొఫెసర్. చేసుకోగలనన్నాను. ఎవరికి చేయాలో మాత్రం తెలియదు. ఆ ఊళ్లో నాకు తెలిసిన మనుషులే లేరు.

అక్క ఆ వారంలోనే నన్ను వెనక గల్లీకి తీసుకెళ్లింది. తన జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి. నేనూ ఒక సల్వారు కుట్టించుకోవాలి. రేకు తలుపున్న ఒంటిగది ఇల్లు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల యాభై ఏళ్ల ఆవిడ మిషను మీద వంగి కుడుతోంది. వెనక మూల ఒక కుక్క పడుకుని ఉంది.

అక్క గడప మీద నుంచి పిలవలేదు. చుట్టూ తిరిగి ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడింది. ఆవిడ తలెత్తి నవ్వింది.

"ఖాలాకు చెవులు వినపడయి," అంది అక్క నాతో. "చిన్నప్పుడు జరమొచ్చి పోయినయి. పెదవులు జూసి సమజు చేసుకుంటది. మొహం మొహం పెట్టి మాట్లాడాలె."

గల్లీ అంతా ఆవిడను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు బీదర్‌లో కాపురముంటోంది. వచ్చినవాళ్లు తలుపు కొడితే వినపడదు, కొట్టి కొట్టి వెళ్లిపోతారు. అందుకని ఎండైనా వానైనా తలుపు తీసే ఉంచుతుంది. కుక్కలొస్తాయి, కోళ్లొస్తాయి. ఓసారి ఎవరో లోపలికొచ్చి, కొత్త బట్టల మూట పట్టుకుపోయారు. ఆవిడ అటు తిరిగి కుడుతూనే ఉంది. అప్పటి నుంచి కుట్టినంతసేపూ నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూడడం అలవాటైపోయింది.

ఎవరికి కావాలి అన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది.

సర్క్యూటు తేలికే. తలుపు అదిరితే పసిగట్టే ఇత్తడి బిళ్ళ ఒకటి, చిన్న బోర్డు, గోడ మీద ఎర్ర దీపం. తల వంచి కుట్టేటప్పుడు దీపం కనిపించదు కాబట్టి స్టూలు కింద ఒక చిన్న మోటారు. దానికి అర్ధచంద్రం లాంటి ఇనుప బిళ్ళ బిగిస్తే, తిరిగినప్పుడు స్టూలు వణుకుతుంది. ఆ బిళ్ళను లేత్ మీద నేనే కోశాను. లేత్ దగ్గర నా చేతికి డ్రాయింగ్ కాకుండా పనిముట్టు రావడం అదే మొదలు. అంచు నున్నగా వచ్చేదాకా, చుట్టూ అందరూ టీకి వెళ్లిపోయినా, ఆగలేదు.

కష్టమైంది మాట్లాడడం. ఖాలా ఎదురుగా కూర్చుని, దీపం ఎక్కడ పెట్టాలి, మంచం మీద నుంచి కనిపిస్తుందా, ఇవన్నీ అడగాలి. నేను అడిగేదాన్ని. ఆవిడ నా నోటి వైపే చూసేది, కనుబొమలు ముడిపడేవి.

"బేటీ, మీ అక్క మాట్లాడితే సమజైతది. నీది సమజైతలేదు," అంది. ఆవిడ గొంతు ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా, కాస్త గట్టిగా ఉండేది. "నీ పెదవులు వేరే తీరుగ పోతున్నయి."

ఒక సాయంత్రం "మబ్బు పట్టిందండీ, వెళ్తాను" అని లేచాను. ఆవిడ లోపలికి వెళ్లి గిన్నెలో పప్పు తెచ్చి చేతిలో పెట్టింది. పెదవుల మీద మబ్బూ పప్పూ ఒకటే మరి. కూర్చుని తినేశాను. చింతకాయ వేసిన పప్పు. తింటుండగానే వాన మొదలైంది. తిన్నాక చేత్తో ఆకాశం చూపించాను. ఖాలాకు విషయం అర్థమై, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు మాత్రం ఎత్తుపల్లాలు ఉన్నాయి.

"మొగులైంది అనాలె," అని నేర్పింది. "మొగులైంది. చూడు, నోరు ఎట్ల పోతదో."

ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి మాటలు మార్చుకున్నాను. 'ఏమిటి' అంటే పెదవులు కలుస్తాయి. 'ఏంది' అంటే కలవవు. చిన్నప్పటి నుంచి వినికిడి లేని మనిషి ఈ ఊరి నోళ్లు చూసి నేర్చుకున్న భాష అది. అందులో నా నోరు లేదు. వస్తానండీ అనడం మానేసి వస్త అన్నాను. ఇప్పుడు కాదండీ అనడం మానేసి ఇగ రేపు అన్నాను. కాలేజీలో ఎవరి కోసమూ మార్చుకోని మాట, ఒక్క అక్షరం వినలేని మనిషి కోసం మార్చుకున్నాను. ఖాలా కనుబొమలు మెల్లమెల్లగా విడిపోయాయి. సాయంత్రాలు పని ఉన్నా లేకున్నా వెళ్లేదాన్ని. ఆవిడ కుట్టు ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నా మొహం వైపు చూసేది. అంత శ్రద్ధగా నన్ను చూసినవాళ్లు ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

ఒకరోజు వర్క్‌షాపులో "ఆ స్పానరు జర గిటియ్యి" అన్నాను, నాకు తెలియకుండానే. "ఏంది మేడం, మన భాషల మాట్లాడుతున్నవ్!" అన్నాడొకడు. ఎగతాళో మెచ్చుకోలో పోల్చుకోలేకపోయాను. స్పానరు మాత్రం ఇచ్చాడు. ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, "అదేం యాసే? నువ్వు మా పిల్లవేనా?" అని నవ్వింది. ఊరికే అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాట నాతోనే ఉంది. ఇక్కడ పరాయి నోరు, అక్కడ పరాయి నోరు.

వానలు తగ్గుముఖం పట్టాక దీపం బిగించాను. అక్క బయట నిలబడి తలుపు కొట్టింది. దీపం వెలిగింది, స్టూలు వణికింది. ఖాలా ఉలిక్కిపడి లేచి, వెళ్లి తలుపు తీసింది. అక్కను చూసి, నన్ను చూసి, మళ్లీ తలుపు వేసేసి, "ఇంకోపారి కొట్టు!" అని అరిచింది. అలా ఎన్నిసార్లు కొట్టించుకుందో! ఆ సాయంత్రం ఆవిడ తలుపు గడియ పెట్టుకుని కుట్టడం, వెనక్కి తిరగకుండా కుట్టడం కిటికీలోంచి చూశాను. మెడ నిటారుగా, నిమ్మళంగా ఉంది. నేను చేసిన వస్తువు ఒక మనిషి మెడకు విశ్రాంతి ఇచ్చిందనుకున్నాను. గదికి వెళ్లి నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన మోటారు ఎన్ని ఓల్టులని అడిగారు.

ఆ వెంటనే పరీక్షలు, తర్వాత తుక్కుగూడ వైపు ఒక కర్మాగారంలో శిక్షణ. కొన్ని వారాలు ఖాలా దగ్గరికి వెళ్లలేకపోయాను. చలికాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వెళ్లి తలుపు కొట్టాను. కిటికీలోంచి చూస్తే ఎర్ర దీపం వెలుగుతోంది. ఖాలా స్టూలు మీదే ఉంది. లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

మళ్లీ కొట్టాను. దీపం వెలిగింది. ఆవిడ కుడుతూనే ఉంది.

కిటికీ దగ్గర చేతులు ఊపాను. నా నీడ బట్ట మీద పడి, అప్పుడు చూసింది. గబగబా వచ్చి తలుపు తీసింది.

"నువ్వా బేటీ! మల్ల ఉత్తగనే వెలిగిందనుకున్న."

"ఉత్తగనే ఎందుకు వెలుగుతది?"

"రోజూ వెలుగుతది. లేస్త. దర్వాజా తీస్త. గల్లీల ఎవ్వరుండరు. వచ్చి కూసుంట, మల్ల వెలుగుతది. మొదట్ల మా బిడ్డ వచ్చిందేమో అనుకున్న. చెప్పకుండ వస్తది కదా ఒక్కోపారి."

మేం మాట్లాడుతుండగానే ఇంటి మీదుగా విమానం వెళ్లింది. చాలా కిందుగా. రేకు తలుపు గలగలమంది. గోడ మీద దీపం వెలిగింది. ఖాలా దాని వైపు చూసి, నా వైపు చూసి, "గిదే, సూసినవా?" అంది.

నాకు అప్పుడు తెలిసింది. నేను బిగించినప్పుడు గాలి అటు వీచేది, విమానాలు అవతలి వైపు నుంచి దిగేవి. చలికాలం వచ్చి గాలి మారగానే ఇటు నుంచి దిగడం మొదలుపెట్టాయి. విమానం వెళ్లిన ప్రతిసారీ రేకు అదురుతుంది, ఇత్తడి బిళ్ళ దాన్ని తలుపు చప్పుడే అనుకుంటుంది. విమానాలు ఆవిడకు వినపడవు. అందుకని ప్రతిసారీ ఎవరో వచ్చారనుకుని లేచింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఎవరూ లేని గల్లీలోకి తలుపు తీసింది. విసిగి విసిగి, ఇక ఎవరూ రారని నమ్మి, లేవడం మానేసింది.

"నాకు చెప్పొచ్చు గద ఖాలా! మా అక్కతోనన్న చెప్పిస్తే వచ్చేదాన్ని."

"ఎంత ఖుషీతోని కట్టినవ్. ఎట్ల చెప్పాలె?" అంది. స్టూలు మీద కూర్చుంటూ, "మోకాళ్లు మాత్రం నొస్తున్నయి," అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. మెట్ల మీద చప్పుడైతే తలెత్తడం, నా కోసం వచ్చినవాళ్లు కాకపోవడం నాకు తెలుసు. కాని నా చప్పుడు దానంతటదే అయ్యేది. ఆవిడ చప్పుడు నేను తయారు చేసిచ్చాను. ఆ క్షణమే స్టూలెక్కి వైరు పీకేశాను.

మరునాడు ఇత్తడి బిళ్ళ తీసేసి, తలుపు బయట పక్క గోడకు ఒక బటను పెట్టాను. మనిషి వేలితో నొక్కితేనే దీపం. చిన్న పిల్లల సైన్సు బొమ్మలో ఉండేంత మామూలు పని. బటను మీద అక్క తెలుగులో 'నొక్కండి' అని రాసింది. పక్కింటాయన ఉర్దూలో రాశాడు. అది బాగా పనిచేసింది. ఇంక అందులో చెప్పుకోవడానికేమీ లేదు. వాడుక చూడడానికి మా ప్రొఫెసర్ తానే వచ్చి బటను నొక్కారు. ఖాలా తలుపు తీసి, పెద్దమనిషిని చూసి కంగారుపడి, కొలతలు తీసుకునే టేపు కోసం వెతికింది. ఆయన నవ్వి, చాయ్ తాగి వెళ్లారు. మార్కులు మంచివే వచ్చాయి. బహుమతి వెల్లుల్లి పొట్టు తీసే యంత్రం చేసిన జట్టుకు వెళ్లింది. అది నిజంగా బాగుంది, నేను కూడా చప్పట్లు కొట్టాను.

చివరి ఏడాదిలో ఎక్కువ భాగం కర్మాగారంలోనే గడిచింది. చదువు అయిపోయి పుణె దగ్గర ఉద్యోగం వచ్చింది. అక్కడికి వెళ్లాక ఖాలాతో ఎలా మాట్లాడాలన్నది పెద్ద ప్రశ్న. ఆవిడకు ఫోన్ ఉంది, వినలేదు. ఉర్దూ చదవగలదు, నాకు రాదు. చివరికి ఆదివారం పొద్దున నేను మిస్డ్ కాల్ ఇవ్వడం, ఫోన్ చేతిలో వణికితే ఆవిడ తిరిగి ఇవ్వడం అని ఒప్పందం చేసుకున్నాం. బాగున్నానని అర్థం. అంతకంటే ఏమీ లేదు.

పుణెలో భాష మళ్లీ మారింది. ఫ్యాక్టరీలో నాకు అప్పగించిన పని బాగా చేసేదాన్ని. మధ్యాహ్నం డబ్బా ఒక్కదాన్నే తినేదాన్ని. ఆదివారం పొద్దున ఫోన్ రెండుసార్లు మోగి ఆగేది. ఆ రోజు వంట చేసుకోవాలనిపించేది.

కొన్ని నెలలకు ఆ కాల్ రావడం ఆగింది. రెండు మూడు వారాలు చూశాను. తర్వాత ఆ నంబరు పనిచేయడం లేదని ఒక గొంతు చెప్పింది. సెలవు దొరకగానే శంషాబాద్ వచ్చాను.

ఖాలా ఇల్లు లేదు. ఆ వరుస ఇళ్లు కొట్టేసి లాడ్జి కడుతున్నారు. అక్క నన్ను చూసి నోరెళ్లబెట్టి, కౌగిలించుకుంది.

"వాళ్ల తమ్ముడొచ్చి తోల్కపోయిండు బిడ్డా. పహాడీ షరీఫ్ కాడ ఉంటడట. మంచిగనే ఉన్నదంట. ఫోనేమో మరి, పిలగాండ్లు తీసుకున్నరేమో."

పహాడీ షరీఫ్‌లో బస్సు దిగి, చెవులు వినపడని దర్జీ ఖాలా ఎక్కడుంటుందని అడుగుతూ వెళ్లాను. గుట్ట కింద ఒక పెద్ద ఇల్లు చూపించారు. లోపల తమ్ముడి భార్య, ఇద్దరు కోడళ్లు, పిల్లలు, టీవీ. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఖాలా ఒక మూల గోడకు ఆనుకుని, చిక్కుడుకాయలు తుంచుతోంది. చిక్కిపోలేదు. మంచి చీర కట్టుకుంది. నేను ఎదురుగా వెళ్లి కూర్చునేదాకా నన్ను చూడలేదు.

చూశాక రెండు చేతులతో నా మొహం పట్టుకుంది.

"మిషను ఏడబోయింది?" అని అడిగాను.

"ఇక్కడ జాగ లేదు. నీకెందుకు కష్టం, తిని కూసో అంటరు. మంచోళ్లే బేటీ. ఏం తక్కువ లేదు." కాయలు పక్కకు జరిపింది. "ఇంట్ల ఇంతమంది ఉన్నరు. ఎవ్వరు నా దిక్కు మొహం పెట్టి మాట్లాడరు. టైమెక్కడిది?"

ఆవిడ ఆ మాట గట్టిగానే అంది. తన గొంతు తనకు వినపడదు కదా. టీవీ ముందున్న వాళ్లు ఒక్కసారి ఇటు చూశారు. తమ్ముడి భార్య మొహం ఎర్రబడింది. నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది.

కాని చిన్న కోడలు, కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, టీవీ ముందు నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎలా మాట్లాడాలో చూపించమంది. నేను చూపించాను. మెల్లగా, మొహం నిండా వెలుతురు పడేలా కూర్చుని, చేయి నోటికి అడ్డం పెట్టకుండా. ఆ పిల్ల ఖాలా వైపు తిరిగి, భయం భయంగా, "భోంచేస్తారా?" అంది. ఖాలా కనుబొమలు ముడిపడ్డాయి. నాకు తెలుసు ఆ ముడి.

"తింటవా అనాలె," అన్నాను.

"తింటవా?" అంది పిల్ల.

"తింట," అంది ఖాలా.

ముగ్గురం కలిసి తినడానికి కూర్చున్నాం. ఆ సాయంత్రమే నాకు పుణె బస్సు. ఖాలా, కన్నబిడ్డను అడిగినట్టు, "నీకక్కడ మాట్లాడెతందుకు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది. ఉన్నారని చెప్పబోయాను. ఆవిడ నా పెదవుల వైపే చూస్తోంది. లేరన్నాను. ఆవిడ తల ఊపి, నా పళ్లెంలో ఇంకొంచెం అన్నం పెట్టింది.